పదిమంది వాడే గ్రీన్‌హౌస్‌లో మన కుండీలు: శ్రీకాకుళం, విజయనగరం పరిశోధక విద్యార్థులకు ఒక మార్గదర్శి

చోడి (రాగి) మొక్క నీటి ఎద్దడిని ఎంతవరకు తట్టుకుంటుందో చూద్దామని ఒకసారి నలభై కుండీలు పెట్టాను. పూత దశలో నీళ్ళు ఆపేశాను. తొమ్మిదో రోజు సోమవారం. పొద్దున్నే వెళ్ళి చూస్తే, వడలి వేలాడాల్సిన ఆకులన్నీ పచ్చగా నిలబడి ఉన్నాయి. కుండీల కింద పళ్ళేల్లో నీళ్ళు. ఆదివారం డ్యూటీలో ఉన్న నీళ్ళు పోసే తాతని అడిగితే, "ఏటి బాబూ, మొక్కలు అలా వాడిపోతంటే చూసి ఎలా ఊరుకుంటాను?" అన్నాడు. కుండీల ముందు నేను పెట్టిన బోర్డు పెద్దదే. కాకపోతే అది ఇంగ్లీషులో ఉంది. ఆయనకి ఇంగ్లీషు రాదు. మూడు నెలల పని పోయింది, తప్పు పూర్తిగా నాది.

మొక్కలు పెంచడం మనలో చాలామందికి చిన్నప్పటి నుంచీ తెలిసిన పనే. అయినా ఒకే కప్పు కింద ఆరేడుగురి ప్రయోగాలు నడుస్తున్నప్పుడు మన మొక్క ఆరోగ్యం మన చేతిలో సగమే ఉంటుంది. మిగతా సగం పక్క బల్ల వాళ్ళ చేతిలో, నీళ్ళు పోసేవాళ్ళ చేతిలో, తలుపు సరిగ్గా వేయకుండా వెళ్ళినవాళ్ళ చేతిలో ఉంటుంది. చెరువు కింద ఆయకట్టులో నీటి వంతులు ఎలాగో ఇదీ అలాగే. పై మడి వాడు గట్టు తెంపితే కింది మడి ఎండుతుంది.

నైరలో వ్యవసాయ కళాశాల, రాగోలులో వరి, ఆమదాలవలసలో గోగు, విజయనగరంలో చిరుధాన్యాల పరిశోధనా కేంద్రాలు ఉన్న ప్రాంతం మనది. అందుకే ఉదాహరణలు ఎక్కువగా వరి, చోడి, గోగుల నుంచే తీసుకున్నాను. కాలేజీల్లో బోటనీ, బయోటెక్నాలజీ ప్రాజెక్టులు చేసేవాళ్ళకి కూడా ఇదే పద్ధతి పనికొస్తుంది.

1. చోటు అడిగే ముందు క్యాలెండరు చూడండి

చలిదేశాల పుస్తకాల్లో గ్రీన్‌హౌస్ అంటే మొక్కకి వెచ్చదనం ఇచ్చే ఇల్లు. మనకి వెచ్చదనానికి కొదవ లేదు. మన బాధ వేడి, ఉక్క. ఏప్రిల్, మే నెలల మధ్యాహ్నాల్లో పాలిథిన్ కప్పు కింద ఉష్ణోగ్రత బయటికంటే చాలా ఎక్కువగా ఉంటుంది. ఫ్యాన్, తడి ప్యాడ్ ఉన్నాయిగా అని ధీమా పడకండి. తడి ప్యాడ్ గాలిని నీటి ఆవిరితో చల్లబరుస్తుంది. గాలిలో ఇప్పటికే తేమ నిండి ఉంటే ఆవిరి అవడానికి చోటేదీ? బయట 34 డిగ్రీలు, తేమ 75 శాతం ఉన్న రోజున ఎంత మంచి ప్యాడ్ అయినా మూడు నాలుగు డిగ్రీలకి మించి తగ్గించలేదు. పడమటి నుంచి పొడి వడగాలి వీచే రోజుల్లో మాత్రం అదే ప్యాడ్ బాగా పనిచేస్తుంది. అంటే పలాస వైపు సముద్రానికి దగ్గరలో ఉన్న గ్రీన్‌హౌస్‌కీ, విజయనగరం దాటి లోపల ఉన్న గ్రీన్‌హౌస్‌కీ ఒకే లెక్క కుదరదు.

వరి వేసేవాళ్ళు దీన్ని బట్టి వెనక్కి లెక్కపెట్టుకోవాలి. వరి పువ్వు సాధారణంగా ఉదయం తొమ్మిది నుంచి పదకొండు మధ్య విచ్చుకుంటుంది. ఆ సమయంలో 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని తాలు గింజలు పెరుగుతాయి. పూత తర్వాత గింజ ముదరడానికి సుమారు 30 రోజులు. కాబట్టి 120 రోజుల రకం విత్తిన 90 రోజులకి పూతకొస్తుంది. జనవరి చివర విత్తితే పూత సరిగ్గా ఏప్రిల్ చివర పడుతుంది. తర్వాత తాలు చూసి జన్యువుని తిట్టుకోవడం అనవసరం. డిసెంబరు మొదట్లో విత్తితే మార్చి మొదట్లోనే పూత అయిపోతుంది.

వానాకాలం బాధ వేరు. మబ్బు వల్ల వెలుతురు తక్కువ, తేమ ఎక్కువ, శిలీంధ్రాలకి పండగ. వేసవిలో కట్టిన 50 శాతం షేడ్ నెట్‌ని జూలైలో కూడా అలాగే వదిలేసిన గ్రీన్‌హౌస్‌లు ఎన్నో చూశాను. మొక్కలు సన్నగా, పొడుగ్గా సాగి పడిపోతుంటే యూరియా వేస్తుంటారు. ముందు నెట్ తీయండి. కప్పు మీద దుమ్ము కూడా కడిగించండి.

2. పక్క బల్ల వాళ్ళతో మాట్లాడండి

ఇది అందరూ దాటేసే అడుగు. మొహమాటం. సీనియర్ సార్ ప్రయోగం గురించి మనం అడగడమేంటి అని ఒక జంకు. అడగాలి. ముఖ్యంగా నాలుగు విషయాలు: లోపల ఎవరు ఏ పంట వేశారు, ఎవరైనా పురుగుల్ని గానీ తెగులుని గానీ కావాలని పెంచుతున్నారా, రాత్రిపూట లైట్లు వేస్తారా, మందులు ఎప్పుడు కొడతారు.

రెండోది ఎందుకంటే, సుడిదోమని తట్టుకునే వరి రకాల కోసం వెతికేవాళ్ళు సుడిదోమని పెంచాల్సిందే. అగ్గి తెగులు మీద పని చేసేవాళ్ళు ఆ శిలీంధ్రం బీజాల్ని మొక్కల మీద చల్లాల్సిందే. వాళ్ళ పని తప్పు కాదు. కానీ ఆ పని దోమతెర పంజరంలోనో, వేరే గదిలోనో జరగాలి. వాళ్ళు రోజూ అందరికంటే చివర లోపలికి రావాలి. మనం మన మొక్కలు చూసుకున్నాకే ఆ వైపు వెళ్ళాలి. పొద్దున ఆరోగ్యంగా ఉన్న బల్ల, తర్వాత అనుమానం ఉన్న బల్ల, చివర తెగులు బల్ల. ఈ వరస తప్పొద్దు. పొలం నుంచి నేరుగా గ్రీన్‌హౌస్‌లోకి రావొద్దు కూడా. ఆవకాయ జాడీలో తడి గరిటె పెట్టరు కదా. పొలంలో తిరిగిన చొక్కా, చెప్పులు ఆ తడి గరిటె లాంటివే.

జన్యుమార్పిడి మొక్కలు పెట్టాలంటే మాట్లాడుకోవడం ఒక్కటే సరిపోదు. 1986 పర్యావరణ పరిరక్షణ చట్టం కింద వచ్చిన 1989 నిబంధనల ప్రకారం సంస్థ బయోసేఫ్టీ కమిటీ అనుమతి కావాలి. ఆ మొక్కలు, వాటి గింజలు, మట్టి బయటికి పోకుండా విడిగా ఏర్పాటు ఉండాలి. అలాంటి మొక్కల్ని అందరి బల్లల మధ్య ఒక మూల సర్దేయడం కుదరదు.

3. మట్టి

మన వైపు ఎర్రమట్టి, ఇసుక, మాగిన గెత్తం (పశువుల ఎరువు) కలిపితే మంచి మిశ్రమమే అవుతుంది. చిక్కల్లా అందులో ఉచితంగా వచ్చే వాటితోనే: తుంగ గడ్డలు, గరిక, నులిపురుగులు, వేరుకుళ్ళు శిలీంధ్రాలు. ఏప్రిల్, మే ఎండని వాడుకోండి. మిశ్రమాన్ని తడిపి, ఒక అడుగు మందంగా పరిచి, పారదర్శకమైన పాలిథిన్ షీటుతో కప్పి, అంచులు మట్టితో మూసేసి నాలుగు నుంచి ఆరు వారాలు వదిలేయండి. నల్ల షీటు వద్దు. ఎండ లోపలికి దిగి మట్టిని కాల్చాలంటే షీటు గాజులా అవతలిది కనిపించేలా ఉండాలి. పొడి మట్టిలో కూడా ఇది సరిగా పనిచేయదు. తడి ఉంటేనే వేడి లోపలికి పాకుతుంది.

తక్కువ మట్టి అయితే ఆవిరి పట్టొచ్చు. 80 డిగ్రీల దగ్గర అరగంట చాలు. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల దగ్గర ఉడికించిన మట్టిలో వెంటనే విత్తొద్దు. అంత వేడికి అమ్మోనియా, మాంగనీసు ఎక్కువగా విడుదలవుతాయి. ఒకటి రెండు వారాలు ఆరనిచ్చి వాడండి.

కొబ్బరి పీచు పొట్టు మనకి దగ్గరలోనే దొరుకుతుంది, ఉద్దానం అంతా కొబ్బరే. తేలికగా ఉంటుంది, నీరు పట్టుకుంటుంది. కానీ పచ్చి పొట్టులో ఉప్పు ఎక్కువ. బకెట్‌లో నానబెట్టి, పిండి, ఆ నీళ్ళ ఈసీ (నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే విద్యుత్ వాహకత) చూడండి. మీటరుకి 1 డెసీసీమెన్స్ కంటే తగ్గేదాకా కడుగుతూనే ఉండాలి. నాకు ఒకసారి అయిదు కడుగుళ్ళు పట్టింది. కడగని పొట్టులో వేసిన నారు ఆకుల కొనలు మాడితే తెగులు అనుకుని మందు కొట్టినవాళ్ళూ ఉన్నారు.

కుండీ నింపేటప్పుడు కంటి కొలతని నమ్మకండి, తూకం వేయండి. ప్రతి కుండీలో ఒకే బరువు పొడి మట్టి ఉండాలి. ఈ ఒక్క పని తర్వాత నీళ్ళ విషయంలో ఎంత మేలు చేస్తుందో కింద చూస్తారు. నల్ల ప్లాస్టిక్ కుండీలు వేసవిలో వేళ్ళని ఉడికిస్తాయి. బయట తెల్ల సున్నం పూసినా, ఒక కుండీని ఇంకో పెద్ద కుండీలో పెట్టినా తేడా తెలుస్తుంది.

పాత కుండీలు మళ్ళీ వాడుతుంటే ముందు మట్టి అంతా రుద్ది కడిగి, తర్వాతే బ్లీచ్‌లో పెట్టాలి. మట్టి అంటుకుని ఉంటే బ్లీచ్ బలం అక్కడే అయిపోతుంది. మార్కెట్లో దొరికే ద్రవ బ్లీచ్ ఒక వంతు, నీళ్ళు తొమ్మిది వంతులు, అరగంట నానబెట్టాలి. తర్వాత మంచినీళ్ళతో కడగాలి.

4. విత్తనం, నారు, కొత్తగా వచ్చే మొక్క

గ్రీన్‌హౌస్‌లోకి పురుగు ఎక్కువగా కిటికీలోంచి ఎగిరి రాదు. చేతిలో పెట్టుకుని మనమే తెస్తాం. నర్సరీ నుంచి తెచ్చిన రెండు టమాటా మొక్కలతో తెల్లదోమ, స్నేహితుడు బహుమతిగా ఇచ్చిన మందారం కొమ్మతో పిండినల్లి. కాబట్టి మొక్కగా తేవడం కంటే విత్తనంగా తేవడం మేలు. మొక్కే కావాలంటే వేరే చోట రెండు వారాలు ఉంచి, భూతద్దంతో ఆకుల అడుగు చూశాకే లోపలికి తేవాలి. అందం కోసం తెచ్చే పూలకుండీలు, వరండాలోంచి వచ్చే మనీప్లాంట్ అసలు వద్దు. ఈ మాట చెబితే కొందరికి కోపం వస్తుంది. రానివ్వండి.

నారుమళ్ళలో వచ్చే నారుకుళ్ళు తెగులుకి సగం కారణం ఎక్కువ నీళ్ళు, సగం వత్తుగా విత్తడం. ట్రేలో పలచగా విత్తి, పైన మట్టి కాస్త ఆరాకే మళ్ళీ తడపండి. విత్తనశుద్ధి చేస్తే అన్ని ట్రీట్‌మెంట్లకీ (మనం పరీక్షించే మార్పులకీ), కంట్రోల్‌కీ (పోల్చుకోవడానికి ఏ మార్పూ లేకుండా ఉంచే మొక్కలకీ) ఒకేలా చేయండి. చేసిన రోజు, మందు, మోతాదు పుస్తకంలో ఎక్కించండి.

5. నీళ్ళు

గ్రీన్‌హౌస్‌లో నీళ్ళు లేక చచ్చిన మొక్కల కంటే నీళ్ళు ఎక్కువై చచ్చినవే ఎక్కువ. ఎద్దడి ప్రయోగం పాడైన నేనే ఈ మాట అంటున్నాను.

మొదట నీటిని కొలవండి. బోరు నీళ్ళ ఈసీ 0.75 కంటే తక్కువైతే నిశ్చింత. 2 దాటితే కుండీల్లో ఉప్పు పేరుకుంటుంది. తీరానికి దగ్గరగా ఉన్న బోర్లలో వేసవి చివర ఈసీ పెరగొచ్చు. అందుకే ఏడాదికి ఒకసారి చాలదు, మార్చిలో ఒకసారి, మే చివర ఒకసారి చూడండి. పోసిన నీటిలో పదో వంతు అయినా కుండీ అడుగు నుంచి బయటికి పోయేలా పోస్తే ఉప్పు కొంత కొట్టుకుపోతుంది. కింద పళ్ళెంలో నిలిచిన నీరు మాత్రం పారబోయాలి. లేకపోతే ఆ ఉప్పే మళ్ళీ పైకి పాకుతుంది. వరిని నీరు నిలవగట్టి పెంచేవాళ్ళ లెక్క వేరు.

ఇంకొక విషయం ఎవరూ చెప్పరు. డాబా మీద నల్ల ట్యాంకులో నీళ్ళు మే నెల మధ్యాహ్నం చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటాయి. పైపులో నిలిచిన మొదటి బకెట్టు ఇంకా వేడి. ఆ నీళ్ళు లేత వేళ్ళ మీద పడితే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పొద్దున ఏడింటిలోపు పోయడం అందుకే. సాయంత్రం పోస్తే రాత్రంతా ఆకుల మీద తడి ఆగి తెగుళ్ళకి దారి ఇస్తుంది. నీళ్ళు మట్టికి పోయాలి, ఆకులకి కాదు.

ఎంత పోయాలి అన్నదానికి కుండీ బరువే జవాబు. కుండీని పూర్తిగా తడిపి, పైన కప్పి, ఒక రోజు నీరు కారనిచ్చి తూచండి. అది నిండు బరువు. పొడి మట్టితో నింపిన బరువు మీ దగ్గర ఇప్పటికే ఉంది. ఈ రెండింటి తేడా ఆ కుండీ పట్టుకోగల నీరు. ఎద్దడి ప్రయోగంలో అందులో 40 శాతం దగ్గర ఉంచాలనుకుంటే రోజూ తూచి తగ్గినంతే పోయండి. మొక్క పెరిగేకొద్దీ దాని బరువు కూడా కలుస్తుంది, అది మర్చిపోకండి. మామూలుగా పెంచే కుండీలకి ఇంత అక్కర్లేదు. కుండీ అంచు పట్టుకుని ఎత్తి చూస్తే వారం రోజుల్లో మీ చేతికే లెక్క తెలుస్తుంది.

ఎవరు పోస్తారో తేల్చుకోండి. "అందరం చూసుకుందాం" అంటే ఎవరూ చూసుకోరు, లేదా ఒకే కుండీకి ముగ్గురు పోస్తారు. నా సంఘటన తర్వాత మేం పెట్టుకున్న పద్ధతి ఇది: తాకకూడని కుండీలకి ఎర్ర గుడ్డ పేలిక కడతాం, దాని పక్కన తెలుగులో పెద్ద అక్షరాలతో "నీళ్ళు పోయవద్దు. ఎండబెడుతున్నాం" అని రాస్తాం. ఆ రెండో వాక్యం ముఖ్యం. కారణం తెలిస్తే నీళ్ళు పోసేవాళ్ళే మన కుండీలకి కాపలా కాస్తారు. ఆ తాత తర్వాత రెండేళ్ళు నా ఎర్ర గుడ్డ కుండీల దగ్గరికి ఎవరినీ రానివ్వలేదు.

6. ఎరువు

ఇక్కడ చెప్పాల్సింది తక్కువ. మట్టి లేకుండా పోషకాలు కలిపిన నీటిలోనే పెంచేటప్పుడు వరికి యోషిడా ద్రావణం, మిగతా మొక్కలకి హోగ్లాండ్ ద్రావణం అందరూ వాడేవే. యోషిడాకి పీహెచ్ 5 దగ్గర ఉంచాలి, రోజూ చూడాలి. మట్టి కుండీల్లో ఆరుతడిగా పెంచే వరి నారులో లేత ఆకులు తెల్లబారితే ముందు ఇనుము లోపం అనుమానించండి. మన రైతులకి చెప్పే మందే దీనికీ మందు: లీటరు నీటికి 20 గ్రాముల అన్నభేది, 2 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి వారం వ్యవధిలో రెండు మూడు సార్లు పిచికారీ. ముదురు ఆకులు ముందు పసుపెక్కితే నత్రజని సంగతి చూడండి. పక్కవాళ్ళు యూరియా వేస్తున్నారని మీరూ వేయకండి.

7. వెలుతురు, అంతకంటే ముఖ్యంగా చీకటి

గోగు మీద పనిచేసేవాళ్ళు ఇది రెండుసార్లు చదవండి. గోగు పొట్టి పగళ్ళ మొక్క. పగలు తగ్గుతూ, రాత్రి పెరుగుతూ వస్తేనే పూస్తుంది. మన రైతులు తొలకరికి విత్తడం అందుకే. పొడుగు పగళ్ళలో కాండం బాగా సాగి నార వస్తుంది, పగలు కుదించుకుపోయే రోజుల్లో పూత మొదలవుతుంది. మన అక్షాంశంలో జూన్‌లో పగలు సుమారు 13 గంటలు, డిసెంబరులో సుమారు 11. తేడా రెండు గంటలే, మొక్క ఆ రెండు గంటల్ని పట్టేస్తుంది.

మొక్క నిజానికి లెక్కపెట్టేది పగటిని కాదు, తెగని చీకటిని. నడి రాత్రి కొద్దిసేపు లైటు పడినా ఆ చీకటి రెండు ముక్కలైనట్టే, పూత ఆగిపోతుంది. మా దగ్గర పక్క బల్ల వాళ్ళు నారుకి అదనపు వెలుతురు కోసం రాత్రి పదకొండు దాకా ఎల్‌ఈడీ వేసేవారు. ఆ వైపు వరసలో ఉన్న గోగు పూయలేదు, గోడ వైపు వరస పూసింది. ఒకే రకం, ఒకే విత్తనం. మొదట్లో విత్తనం కల్తీ అనుకున్నాం. రాత్రి తొమ్మిదింటికి ఒకసారి లోపలికి వెళ్ళి చూశాక అర్థమైంది.

కాబట్టి ప్రయోగం మొదలుపెట్టే ముందు ఒక రాత్రి గ్రీన్‌హౌస్‌లోకి వెళ్ళి మీ బల్ల దగ్గర నిలబడండి. వరండా లైటు, రోడ్డు లైటు, వాచ్‌మన్ గది లైటు ఎక్కడిదాకా పడుతున్నాయో చూడండి. పుస్తకం చదవగలిగేంత వెలుతురు ఉంటే పూత మీద ప్రయోగానికి ఆ చోటు పనికిరాదు. లైట్లకి టైమరు పెట్టి, అందరూ ఒకే వేళలు పాటించాలి. నల్ల గుడ్డ కడితే గాలి ఆడేలా కట్టండి, లేకపోతే లోపల ఉక్కకి కొత్త సమస్య వస్తుంది. రాత్రి తప్పనిసరిగా వెళ్ళాల్సి వస్తే ఎర్ర లైటు వాడకండి, చీకటిని చెడగొట్టడంలో అదే ముందుంటుంది. పచ్చ లైటు నయం, అదీ క్షణాలు మాత్రమే.

8. పురుగులు

తెల్లదోమ, తామర పురుగు, పేనుబంక, ఎర్రనల్లి, పిండినల్లి. ఈ అయిదూ తెలిస్తే గ్రీన్‌హౌస్‌లో తొంభై పాళ్ళ గొడవ తెలిసినట్టే. 40 మెష్ (అంగుళం పొడవుకి 40 రంధ్రాల) నెట్ తెల్లదోమని చాలావరకు ఆపుతుంది, తామర పురుగుని ఆపదు. తలుపులు రెండు ఉండి, ఒకటి మూశాకే రెండోది తీసే అలవాటు లేకపోతే ఎంత మంచి నెట్ కట్టినా దండగ. గుమ్మం దగ్గర కాళ్ళు తడిపే తొట్టిలో బ్లీచింగ్ పౌడరు నీళ్ళు ఎండకి బలం కోల్పోతాయి, రోజూ మార్చాలి. వారం పాతబడిన తొట్టి దోమలు గుడ్లు పెట్టుకోవడానికి తప్ప దేనికీ పనికిరాదు. పసుపు రంగు చొక్కాతో లోపలికి రావద్దు. పసుపు జిగురు అట్టలు ఏ కారణంతో పనిచేస్తాయో, ఆ చొక్కా కూడా అదే కారణంతో పురుగుల్ని మోసుకొస్తుంది.

జిగురు అట్టల్ని మొక్క కొన ఎత్తుకి కట్టండి. మొక్క పెరిగితే పైకి జరపండి. పసుపు తెల్లదోమకి, నీలం తామర పురుగుకి. వారానికి ఒకసారి, అదే రోజున లెక్కపెట్టి గోడ మీద చార్టులో రాయండి. సంఖ్య కంటే ముఖ్యం అది పెరుగుతోందా తగ్గుతోందా అన్నది. అట్టకి ఎర్రనల్లి అంటుకోదు, దానికి రెక్కలు లేవు. ఆకు అడుగున భూతద్దంతో చూడాలి, లేదా ఆకు కింద తెల్ల కాగితం పెట్టి తట్టాలి. కాగితం మీద మిరియప్పొడి నలుసుల్లాంటివి నడుస్తుంటే అదే. 30 డిగ్రీల వేడిలో ఎర్రనల్లి వారం పది రోజుల్లో గుడ్డు నుంచి పెద్దదవుతుంది. పదిహేను రోజులకోసారి చూస్తానంటే ఒక తరం దాటిపోయినట్టే.

పిండినల్లి కనిపిస్తే చీమల బాట ఎక్కడుందో వెతకండి. పిండినల్లి, పేనుబంక విడిచే తీపి కోసం చీమలు వాటిని పశువుల్లా కాపు కాస్తాయి, ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకి మోస్తాయి. బల్ల కాళ్ళకి గ్రీజు పూస్తే సగం పని అయిపోతుంది. నేల మీద పచ్చగా నాచు పట్టిందంటే నీళ్ళు ఎక్కువవుతున్నాయని అర్థం. అక్కడే మట్టి ఈగలు పెరిగి నారు వేళ్ళు తింటాయి.

చుట్ట, బీడీ, ఖైనీ అలవాటు ఉన్నవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కున్నాకే టమాటా, మిరప ముట్టుకోవాలి. పొగాకు మొజాయిక్ వైరస్ ఎండిన పొగాకులో కూడా బతికే ఉంటుంది. చెప్పడానికి ఇబ్బందిగా ఉంటే గుమ్మం దగ్గర సబ్బు, బకెట్ పెట్టి "అందరూ చేతులు కడుక్కోవాలి" అని రాయండి. అప్పుడు ఎవరికీ వేలు చూపించినట్టు ఉండదు. కత్తెరలు మొక్క మొక్కకీ మధ్య 70 శాతం ఆల్కహాలుతో తుడవాలి. వైరస్ అనుమానం ఉన్నచోట దానికి బదులు పైన చెప్పిన బ్లీచ్ నీళ్ళు వాడండి.

9. మందు కొట్టే రోజు

నా అభిప్రాయం ఒకటి చెబుతాను, ఒప్పుకోనక్కర్లేదు. గ్రీన్‌హౌస్‌లో పురుగు చేసే నష్టం కంటే చెప్పకుండా కొట్టిన మందు చేసే నష్టం ఎక్కువ. పురుగు కంటికి కనిపిస్తుంది. పక్కవాళ్ళు నిన్న కొట్టిన మందు మన ఎంజైమ్ కొలతల్లో ఎలా దూరిందో ఎప్పటికీ తెలియదు.

కనీసం ఒక రోజు ముందు తలుపు మీద రాయాలి: మందు పేరు, మోతాదు, ఏ బల్లలు, ఎన్ని గంటలకి, మళ్ళీ ఎప్పుడు లోపలికి రావొచ్చు. ఆ కాగితాన్ని తర్వాత చింపేయకుండా ఫైల్లో పెట్టాలి. ఎవరైనా మిత్రపురుగుల్ని వదిలి ఉంటే మందు వాళ్ళ అనుమతితోనే. చల్లబడిన సాయంత్రం, మాస్కు, గ్లవ్స్ వేసుకుని కొట్టాలి. మొదట తీవ్రత తక్కువ పద్ధతులు: తెగులు కొమ్మ తీసేయడం, ఆకు అడుగున నీళ్ళ ధార, వేపనూనె. తర్వాతే రసాయనం. అదీ ఒకే గుంపు మందుని మళ్ళీ మళ్ళీ కొట్టకుండా, పనిచేసే తీరు వేరుగా ఉన్న మందులు మార్చుకుంటూ. పేనుబంక కోసం ఇమిడాక్లోప్రిడ్ కొట్టిన తర్వాత ఎర్రనల్లి విజృంభించడం చాలాసార్లు కనిపిస్తుంది. గంధకం మందు ఎండ బాగా ఉన్న రోజుల్లో ఆకుల్ని మాడ్చేస్తుంది, నూనె మందు కొట్టిన రెండు వారాల్లోపు అసలు కొట్టకూడదు.

స్ప్రేయర్ గురించి ఒక మాట. ఒక ఏడాది మా గోగు, టమాటా మొక్కల కొన ఆకులు వింతగా మెలితిరిగి, ఈనెలు దగ్గరపడి సన్నబడ్డాయి. అందరం వైరస్ అన్నాం. రెండు వారాలు నమూనాలు తీశాం. చివరికి తేలింది: ఎవరో వరి మడిలో 2,4-డి కలుపుమందు కొట్టిన స్ప్రేయర్‌ని ఊరికే నీళ్ళతో తొలిచి, అందులోనే వేపనూనె కలిపి లోపల కొట్టారు. వరికి ఏమీ కాలేదు. వెడల్పాకు మొక్కలకి ఆ మందు చుక్క చాలు. అప్పటి నుంచి గ్రీన్‌హౌస్ స్ప్రేయర్‌కి పచ్చ పెయింటు వేసి, లోపలే గొలుసుతో కట్టేశాం. చూడ్డానికి బాగోదు గానీ ఎవరూ పట్టుకుపోవడం లేదు.

10. లేబుళ్ళు, కుండీల అమరిక

మార్కర్ పెన్ను మూడు నెలల ఎండకి వెలిసిపోతుంది. గరుకు ప్లాస్టిక్ లేబుల్ మీద పెన్సిల్‌తో రాయండి, అది నిలుస్తుంది. ఒకటి కుండీలో గుచ్చండి, అదే నెంబరు కుండీ ఒంటి మీద కూడా వేయండి. లేబుళ్ళు పీకి ఆడుకునే పిల్లలు, కాకులు, కోతులు మన దగ్గర తక్కువేం కాదు. లేబుల్ మీద పేరు, విత్తిన తేదీ, ఎప్పుడు ఖాళీ చేస్తారు అన్నది కూడా ఉండాలి. ఖాళీ చేసే తేదీ లేని కుండీ ఎవరిదో తెలియకుండా ఏళ్ళ తరబడి మూలన ఉంటుంది, అదే పురుగులకి పుట్టిల్లు.

గ్రీన్‌హౌస్ అంతా ఒకేలా ఉండదు. ఫ్యాన్ దగ్గర కుండీలు త్వరగా ఆరతాయి, ప్యాడ్ దగ్గరివి చల్లగా ఉంటాయి, నడుమ స్తంభం నీడ పడుతుంది. అందుకే కంట్రోల్ అంతా ఒక బల్ల మీద, ట్రీట్‌మెంట్ అంతా ఇంకో బల్ల మీద పెట్టకండి. ప్యాడ్ నుంచి ఫ్యాన్ దాకా బ్లాకులుగా విడగొట్టి, ప్రతి బ్లాకులో అన్ని ట్రీట్‌మెంట్లూ చీట్లు తీసి పెట్టండి. వారానికోసారి కుండీలు మార్చాలనుకుంటే బ్లాకు లోపలే మార్చండి. చుట్టూ ఒక వరస కొలవని మొక్కలు పెడితే అంచు ప్రభావం తగ్గుతుంది. ఒక కుండీలో అయిదు మొక్కలుంటే అవి అయిదు రెప్లికేషన్లు (ఒకే ట్రీట్‌మెంట్‌కి విడివిడి పునరావృతాలు) కావు. నీళ్ళు కలిపి పోసింది కుండీకి కాబట్టి లెక్క కుండీదే. ఈ ఒక్క విషయం మీద వైవాలో ఇరుక్కున్నవాళ్ళని చూశాను.

11. అక్టోబరు

మనకి అక్టోబరు అంటే తుఫాను భయం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటి విజయనగరాన్ని కూడా కుదిపేసింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి ఉద్దానం కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. సరిగ్గా అప్పుడే ఖరీఫ్ వరి పూతలోనో, పాలు పోసుకునే దశలోనో ఉంటుంది.

కాబట్టి సెప్టెంబరు నాటికే కొన్ని పనులు అయిపోవాలి. ప్రతి రకం విత్తనంలో కొంత వేరే భవనంలో దాచండి. నోటు పుస్తకం పేజీలు ఫోనులో ఫోటో తీసి ఇంకొకరికి కూడా పంపండి. హెచ్చరిక వచ్చాక షేడ్ నెట్ విప్పి చుట్టేయాలి, తెరచాపలా గాలి పట్టి ఫ్రేమునే లాగేస్తుంది. పాలిథిన్ కప్పు ఉంచాలా తీయాలా అన్నది గ్రీన్‌హౌస్ బాధ్యులు తేల్చాలి, ఎవరికి వారు కోసేయకూడదు. కుండీలు బల్లల మీద నుంచి దించి నేల మీద దగ్గర దగ్గరగా పేర్చండి. ముదిరిన కంకులు కోసేయండి.

గాలి తగ్గాక అసలు పరీక్ష మొదలవుతుంది. కరెంటు రోజుల తరబడి ఉండకపోవచ్చు, అంటే ఫ్యాన్లు లేవు, మోటారు లేదు. డ్రమ్ముల్లో నీళ్ళు ముందే పట్టి ఉంచాలి. పక్క తెరలు ఎవరు ఎత్తాలో పేరుతో రాసి ఉండాలి. తీరానికి దగ్గరైతే గాలితో వచ్చిన ఉప్పు నీటి జల్లు ఆకుల మీద ఉంటుంది, ఎండ రాకముందే మంచినీళ్ళతో కడగండి. వేసవిలో మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడూ ఈ పేర్ల జాబితాయే ఆదుకుంటుంది. మూసి ఉన్న గ్రీన్‌హౌస్‌లో ఫ్యాన్ ఆగితే అరగంట కూడా ఆలోచించే టైం ఉండదు.

12. ఖాళీ చేసేటప్పుడు

కోత అయిన రోజే అందరికీ ఓపిక అయిపోతుంది. థీసిస్ టెన్షన్‌లో ఎండిన మొక్కల్ని అలాగే వదిలేసి వెళ్ళిపోతారు. ఎలుకలు గింజల కోసం వస్తాయి, తెల్లదోమ పక్క బల్లకి తరలిపోతుంది. కంకులు సంచుల్లో కట్టి, మొక్కల్ని వేళ్ళతో సహా పీకి, తెగులు ఉన్నవాటిని కాల్చేయండి. వాడిన మట్టిని గ్రీన్‌హౌస్ పక్కనే పోయకుండా, ఎండబెట్టే షీటు దగ్గరికి చేర్చండి. బల్ల, డ్రిప్ పైపులు, పళ్ళేలు కడగండి. వీలైతే ఏడాదికి ఒకసారి, మే నెలలో, రెండు వారాలు లోపల ఒక్క పచ్చ ఆకు కూడా లేకుండా తెరలన్నీ మూసి వదిలేయాలి. తిండి లేక, వేడికి తాళలేక మిగిలిన పురుగులు చాలావరకు పోతాయి. దీనికి అందరూ ఒకే తేదీలకి ఒప్పుకోవాలి. ఒక్కరు నాలుగు కుండీలు ఉంచుకున్నా లాభం లేదు.

చోడి వేసినవాళ్ళకి ఇంకో పని ఉంటుంది. ఆ గింజ ఆవగింజ అంతే, బల్ల సందుల్లో, గచ్చు పగుళ్ళలో రాలి తర్వాతి వాళ్ళ కుండీల్లో మొలుస్తుంది. ఆ మొలక తర్వాతి వాళ్ళ రకంలో కల్తీగా కలిసిపోతుంది. నేలంతా ఊడ్చి, తడిపి, పది రోజులు ఆగి మళ్ళీ వెళ్ళి చూడండి. మొలిచినవన్నీ పీకేశాకే తాళం చెవి అప్పగించండి.